వియ్యంకునికి రొట్టె

తుంగభద్ర పొంగి కర్నూలు మునిగింది చూడండి, నా లెక్కలన్నీ ఆ వరద నుంచే మొదలవుతాయి. మూడో తరగతితో పలక పక్కన పెట్టినవాణ్ణి. తారీకులు నా తలలో నిలవవు, నీళ్ళు నిలుస్తాయి. ఇది ఆ వరద తర్వాత వచ్చిన పద్నాలుగో ముంగారులో, అంటే తొలకరి కాలంలో, జరిగింది. ఆ ఏడు మా కోసిగి పక్క వానలు మొహం చాటేశాయి గానీ, శ్రావణాలు మాత్రం రెండు వచ్చాయి. వాన ఇవ్వని దేవుడు నెల ఇచ్చాడు.

ఏరువాక పున్నమి నాడు ఎద్దుల కొమ్ములకు రంగు పూస్తుంటే మా వియ్యంకుడు పుల్లయ్య బస్సు దిగి వచ్చాడు. నా కోడలు మధులత తండ్రి. కొడుకు పని మీద కర్ణాటకలో ఉన్నాడు, కోడలు మా దగ్గరే ఉంది. వాళ్ళది వేంపల్లె దగ్గర పల్లె. భుజాన సంచి, చంకలో ఎర్రగుడ్డ చుట్టిన చెక్కలు. ఆయన చెక్కభజన గురువు. ఇత్తడి బిళ్ళలు గుచ్చిన ఆ కొయ్య చెక్కలు చేతపట్టి, కాళ్ళకు గజ్జెలు కట్టి అడుగు వేస్తే చుట్టుపక్కల పల్లెలు పని మానుకొని వచ్చేవట. ఆ రోజు మాత్రం కుడికాలు ఈడుస్తూ నడిచాడు. బొటనవేలికి కట్టు ఉంది.

"ఏం బావా, ఎద్దులకు పూసినాంక మిగిలిన రంగు నీ మొహానికి పూసుకోరాదా? పండగ కళ వస్తాది" అన్నాడు గుమ్మంలోనే.

నేను ఆయన సంచి అందుకున్నాను.

"మాట్లాడితే పన్ను కట్టాలనుకుంటాడు మా బావ. అక్కా, ఇట్లాంటోనితో నలభై ఏండ్లు ఎట్ల కాపురం చేసినావమ్మా?"

"ఇద్దరి మాటలూ నేనే మాట్లాడి" అంది నా భార్య ఉరుకుందమ్మ. "కాళ్ళు కడుక్కో పుల్లన్నా, ఓళిగలు సల్లారిపోతాండాయి."

ఆమె చేసే ఓళిగ, అదే బొబ్బట్టు, తిన్న మగవాడు ఇంటికి పోయి పెండ్లాంతో పోట్లాడతాడని మా ఊళ్ళో ఒక మాట ఉంది. ఆ రోజు వియ్యంకుని విస్తట్లో తెల్లన్నం, అన్నంలో గుంట, గుంటలో నెయ్యి, పక్కన ఓళిగలు. ఒకటి అయ్యేలోగా ఇంకొకటి. వద్దంటే ఒట్టు పెట్టింది. మధులత వంటింటి గడప దగ్గర కొంగు వేలికి చుట్టుకుంటూ తండ్రి విస్తరినే చూస్తోంది.

"అత్తా, నాయనకు షుగరు..."

"పండగ నాడు దాని పేరెత్తొద్దు" అంది ఉరుకుందమ్మ.

విన్నావా అన్నట్టు పుల్లయ్య కూతురి వైపు చూసి ఇంకో ఓళిగ అందుకున్నాడు.

సాయంత్రం నేను కొట్టంలో ఎద్దులకు మేత వేస్తుంటే కోడలు వచ్చింది.

"మామా, నాయన మీతో ఏమన్నా చెప్పినాడా?"

తల అడ్డంగా ఊపాను.

"చెప్పడు. పోయిన వారం నేనే ఊరికి పోయి, కర్నూలుకు పిల్చకపోయి డాక్టరుకు చూపిచ్చినా. పుండు మానే దాకా ఇక్కడే ఉండమని రమ్మన్నా. మందులిచ్చినాడు. మందులొక్కటే చాలవంట, కూడు మారాలంట. చక్కెర దిగితే వేలి మీది పుండు మానుతాది. దిగకపోతే వేలు తీసేస్తారంట." కాసేపు ఎద్దు మెడ నిమిరింది. "అమ్మ పోయినాంక నాయనకు మిగిలింది ఆ అడుగొక్కటే మామా. బొటనవేలు లేకుండా అడుగెట్ల తిప్పుతాడు?"

"మీ అత్తకు చెప్పు."

"చెప్తే, ఇంటికొచ్చిన వియ్యంకుణ్ణి పస్తు పెట్టమంటావా అంటాది. నాయనకు చెప్తే, కూతురింట్లో నా ముద్దలు లెక్క పెడ్తాండారు అంటాడు. ఇద్దరి నడుమ నేను నలిగిపోతాండా."

నేను రెండో ఎద్దుకు మేత వేశాను.

ఉపాయం పుల్లయ్యే చెప్పాడు. డాక్టరు అన్నం తగ్గించమన్నాడని కూతురు ధైర్యం చేసి నోరు విప్పగానే చేతులెత్తి నవ్వాడు.

"ఓస్, అంతేనా? మేము కడప జిల్లావోళ్ళం. సంగటి తినే నోటికి షుగరు యాడ నుంచి వస్తాదమ్మా? అక్కా, రేపట్నుంచి నాకు రాగిసంగటి చెయ్యి."

ఉరుకుందమ్మ మొహం వెలిగిపోయింది. సంగటి, నాటుకోడి పులుసు అంటే వాళ్ళ పక్క పెండ్లి మర్యాద. తన పరువూ నిలబడింది, డాక్టరు మాటా నిలబడింది. మాది రొట్టెల దేశం, సంగటి అలవాటు తక్కువ. కోడలిని అడిగి నేర్చుకుంది. టెంకాయంత ముద్ద, దాని నెత్తిన నెయ్యి, పక్కన చెనిక్కాయలు నూరిన ఊరుబిండి. పూటకు రెండు ముద్దలు, కోడి కోసిన నాడు మూడు. "ఇది మందు బావా, మందు!" అంటూ వేళ్ళు నాకేవాడు. ఇల్లంతా సంబరంగా ఉండింది.

ఆషాఢం వచ్చేసరికి మధులత చిన్న మిషనుతో తండ్రి వేలు గుచ్చి చూసి, దాన్ని నా వైపు తిప్పింది. మూడు నూర్లు దాటింది. వచ్చిన నాటి కంటే ఎక్కువ.

"మిషను చెడిపోయింటాది" అన్నాడు పుల్లయ్య.

కర్నూల్లో డాక్టరు మిషనూ అదే చెప్పింది. ఆయన పుండును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంకొక్క నెల చూస్తాను. అప్పటికీ ఇట్లే ఉంటే నన్ను బతిమాలొద్దు" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు పుల్లయ్య బస్సులో నోరు విప్పలేదు. నేను మాట్లాడకపోవడం మామూలే. ఆయన మాట్లాడకపోతే బస్సంతా ఖాళీగా ఉన్నట్టుంది.

మర్నాడు నీళ్ళ కోసం వంటింట్లోకి పోయాను. ఉరుకుందమ్మ తెడ్డుతో సంగటి కెలుకుతోంది. కుండలోకి చూసి నిలబడిపోయాను.

"బియ్యం ఎంత పోసినావు?"

"రెండు గలాసులు."

"రాగిపిండి?"

"ఒక గలాసు. ఎక్కువేస్తే నల్లగా, గట్టిగా వస్తాది. వియ్యంకునికి పెట్టేది మెత్తగుండాల గదా?"

"ఇది సంగటి కాదు" అన్నాను. "అన్నానికి రంగు పూసినావు."

మధులత నెత్తిన చేయి పెట్టుకుంది. "మా ఇంట్లోనూ బియ్యమేసే చేస్తాము మామా. రాగిసంగటి, రాగిసంగటి అంటాము గానీ, లోపలి బియ్యం ఎవరికీ యాదికే రాలేదు."

వెనక నుంచి దగ్గు వినిపించింది. పుల్లయ్య. అంతా విన్నాడు.

"అంటే ఇన్ని దినాలూ మందు మందని నేను మింగింది..." అని ఆగి, గోడకు ఆనుకొని పడీ పడీ నవ్వాడు. మేమూ నవ్వాము. ఉరుకుందమ్మ తెడ్డు పట్టుకొనే నవ్వింది. నవ్వులు ఆగాక ఆయన వంగి తన కాలి కట్టు వైపు చూసుకున్నాడు.

షుగరున్నవానికి ఏం పెట్టాలో మా దేశంలో చెప్పనక్కర్లేదు. జొన్నరొట్టె, ఆకుకూర పప్పు. ప్రతి ఇంట్లో ఉండేదే. కానీ వియ్యంకునికి పెట్టగూడని కూడు కూడా అదే. విస్తట్లో అన్నం పోయి రొట్టె వచ్చిందంటే బస్సు వేళ చెప్పినట్టేనని మా పక్క సామెత. ఉరుకుందమ్మ ససేమిరా అంది.

"నా చేత్తో నేను పెట్టను. పెడితే రేపు బోరింగు కాడ పక్కింటి మహాదేవమ్మకు కథలు చెప్పుకోను నేనే దొరుకుతా."

కోడలే తెగించింది. ఆ మధ్యాహ్నం తానే రెండు రొట్టెలు చేసి, పప్పు వేసి తండ్రి ముందు పెట్టింది.

నేను చేను నుంచి వచ్చేసరికి పుల్లయ్య అరుగు మీద కూర్చొని ఉన్నాడు. సంచి కట్టి ఉంది. చెక్కలు ఎర్రగుడ్డలో చుట్టి ఉన్నాయి. లోపల కంచంలో రొట్టెలు ముట్టనివి ముట్టనట్టే చల్లారిపోయాయి. ఇద్దరు ఆడవాళ్ళూ చెరో మూల ముక్కు చీదుతున్నారు.

"మీ బస్సు ఎన్నింటికి బావా?"

నేను తలగుడ్డ విప్పి దులిపాను.

"కోపమేం లేదులే. అల్లుని ఇంట్లో ఎన్ని దినాలని ఉంటారు? అర్థమైంది నాకు. మా వేంపల్లెలో హోటళ్ళకేం తక్కువ?" నవ్వుతూనే అన్నాడు. చేతులు మాత్రం సంచి ముడిని విప్పుతూ, మళ్ళీ కడుతూ ఉన్నాయి.

కాళ్ళు కడుక్కున్నాను. చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాను. లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చున్నాను.

పెండ్లయినాక ఆ పొయ్యి ముందు నేను కూర్చున్నది లేదు. కానీ వయసులో ఉన్నప్పుడు కర్ణాటకకు సుగ్గికి, పంట కోతల కూలికి, పోతే, మా గుంపుకు రొట్టె తట్టేది నేనే. మసిలిన నీళ్ళు జొన్నపిండిలో పోసి పిసికాను. పీట మీద ముద్ద పెట్టి తట్టడం మొదలుపెట్టాను.

ఉరుకుందమ్మ ఏడుపు ఆపింది. "ఏం చేస్తాండావు? మగోడు పొయ్యి కాడ కూచోవడమేంది, లెయ్!"

మొదటిది చినిగింది. ముద్ద చేసి మళ్ళీ తట్టాను.

టప టప టప్ప. టప టప టప్ప.

"తాళం తప్పుతాండాది" అని అరుగు మీద నుంచి గొంతు వినిపించింది.

నేను తడుతూనే ఉన్నాను.

"ఎవరమ్మా అది? మూడో దెబ్బ ఎనకబడుతాండాది."

కాసేపటికి కుంటుకుంటూ వచ్చి గడప మీద నిలబడ్డాడు. పొయ్యి ముందు మోచేతుల దాకా పిండితో నేను. పుల్లయ్య నోరు తెరిచి, మాట లేకుండా మూయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"బావా... నువ్వా?"

రొట్టెను పెనం మీద వేశాను. తడిగుడ్డతో తుడిచి తిప్పాను. పొంగింది. రెండు కంచాలు పెట్టి చెరో రెండు రొట్టెలు వేశాను. పుంటికూర పప్పు, ఉల్లిగడ్డ, గురెళ్ళనే నల్ల గింజలు వేయించి దంచిన కారం. ఒక కంచం ముందు నేను కూర్చున్నాను.

"కూచో" అన్నాను.

వియ్యంకుడే తన చేత్తో చేసి, పక్కన కూర్చొని తనూ అదే తింటుంటే, అది ఏ లెక్కన అవమానమో పుల్లయ్యకు దొరకలేదు. నిలబడి కాసేపు వెతికాడు. తర్వాత కూర్చున్నాడు. రొట్టె తుంచాడు.

"అంచు మాడింది" అన్నాడు.

రెండూ తిన్నాడు. సంచి ముడి ఎవరు విప్పారో నేను చూడలేదు. పొద్దు గుంకేసరికి చెక్కలు మళ్ళీ మేకుకు వేలాడుతున్నాయి.

ఆ నాటి నుంచి పొద్దునా మాపునా రొట్టె నాది. ఉరుకుందమ్మ అలక రెండు దినాలే. మూడో నాడు చేట తీసుకొని వచ్చి నా పక్కన కూర్చుంది. "రొట్టెలో మర్యాద లేకపోతే పోనీ, దాని పక్కన పెట్టేదాంట్లో చూపిస్తా" అంది. చూపించింది. ఉలవలు మొలకలెత్తించి తాలింపు వేసింది. లేత వంకాయల్లో నువ్వుల పొడి కూరి, చెంచాడు నూనెతో మూత పెట్టి మగ్గించింది. సొరకాయ, బీరకాయ, చెంచలాకు, ఏది దొరికితే అది కంచంలో సగం ఆక్రమించేది. కొర్రన్నం చేసిన రోజు మధులత తన చిన్న గిన్నె తెచ్చేది. ఆ గిన్నెకు పైన ఒక మెతుకు ఉండగూడదు.

బేరాలు మాత్రం ప్రతి పూటా ఉండేవి.

"రెండున్నర" అనేవాడు పుల్లయ్య.

"రెండే నాయనా. రొట్టె కూడా ఐదు తింటే అన్నంతో సమానమే."

"ఆ సగం మీ మామ చింపిన రొట్టెమ్మా. చినిగినదాన్ని లెక్క పెట్టగూడదు, శాస్త్రం ఒప్పుకోదు."

"ఏ శాస్త్రం?"

"ఆకలి శాస్త్రం."

ఆమె అదనంగా వంకాయ వేసేది, రొట్టె వేసేది కాదు. మందుబిళ్ళ చేతిలో పెట్టి, కట్టు మార్చి, అప్పుడు గానీ తాను తినేది కాదు. చక్కెర లేని టీ మొదటిసారి తాగినప్పుడు పుల్లయ్య గలాసులోకి తొంగి చూసి, "ఎవరో కాళ్ళు కడుక్కున్నట్టుండారు దీంట్లో" అన్నాడు. వారం తిరిగేసరికి అదే టీని ఇంకో గలాసు అడిగాడు.

ఉరుకుందమ్మ భయపడినట్టే మహాదేవమ్మ దిగింది. బిందె చంకన పెట్టుకొని మా వాకిట్లో నిలబడి, "ఏం దేవేంద్రప్పా, వియ్యంకునికి వంటోనిగా చేరినావంట. జీతమెంత?" అంది.

నాకంటే ముందు పుల్లయ్య అందుకున్నాడు. "జీతం లేదమ్మా, తిట్లుండాయి. నీకూ ఒక రొట్టె కావాల్నా?"

ఆమె నిలబడే ఒక రొట్టె తినింది. రెండో నాడు మళ్ళీ వచ్చి, ఉరుకుందమ్మను పక్కకు పిలిచి గుసగుసగా అంది. "మా ఇంటాయనకు కూడా ఉండాది షుగరు. ఎవరికన్నా చెప్తే సిగ్గని దాచిపెట్టినాము. ఆ గురెళ్ళ కారం ఎట్ల చేస్తారో చెప్పవా?" ఆ నాటి నుంచి ఉరుకుందమ్మ బోరింగు కాడికి తల ఎత్తుకొని పోయింది.

సాయంత్రాలు ఊరి పిల్లగాళ్ళు మా అరుగు దగ్గర చేరేవాళ్ళు. పుల్లయ్య మంచం మీద కూర్చొని చెక్కలు కొడుతూ వాళ్ళకు అడుగులు చెప్పేవాడు. "నా కాలికి సెలవు బావా, వీళ్ళ కాళ్ళతో వేయిస్తాండా" అనేవాడు. కానీ పిల్లలు కుడికాలు తిప్పినప్పుడల్లా మంచం కింద ఆయన కుడికాలు కూడా ఇంత కదిలేది. నేను అది చూడనట్టు ఎద్దుల వైపు చూసేవాణ్ణి.

మొదటి శ్రావణంలో కర్నూలుకు పోయాము. చక్కెర రెండు నూర్ల కిందికి దిగింది. డాక్టరు పుండు అంచులు నొక్కి చూసి తల ఎత్తాడు.

"ఏం మార్చినారు?"

"మా బావ తాళం మార్చినాడు సార్" అన్నాడు పుల్లయ్య.

డాక్టరుకు అర్థం కాలేదు. కోడలు విడమరిచి చెప్పింది. "ఇట్లే ఉండండి, వచ్చే నెల రండి" అన్నాడాయన. బయటికి వచ్చాక పుల్లయ్య ఆకాశం వైపు దండం పెట్టాడు. "వచ్చే నెల కూడా శ్రావణమే బావా. ఈరన్న సామి పండగ ఇంకా ముందరుండాది. పంచాంగం రాసినోడు నా వేలు చూసే రాసినట్టుండాడు."

రెండో శ్రావణంలో పుండు మూసుకుంది. వేలు ఉంటుందని డాక్టరు చెప్పాడు. ఉత్తకాళ్ళతో తిరగొద్దన్నాడు, తిండి మార్చొద్దన్నాడు. మధులత అక్కడే బెంచీ మీద కూర్చొని ఏడ్చింది. పుల్లయ్య కూతురి తల మీద చేయి వేసి, "పండగకు ఒక్క ఓళిగ తినొచ్చా సార్?" అని అడిగాడు.

"సగం" అన్నాడు డాక్టరు. "ఆ పూట రొట్టె ఒకటి తగ్గించి."

చివరి సోమవారం ఊళ్ళో ఈరన్న స్వామి ఊరేగింపు. ఉరుకుందమ్మ ఒక ఓళిగను సరిగ్గా నడిమికి కోసింది. సగం ఆయన విస్తట్లో, సగం నా విస్తట్లో. పుల్లయ్య దాన్ని వేలి గోరంత తుంచి తుంచి, కళ్ళు మూసుకొని, పూట గడిచేంత సేపు తిన్నాడు.

"ముందు నాలుగు తిన్నప్పుడు కూడా ఇంత రుచి తెలియలేదక్కా" అన్నాడు.

దేవుని ముందు చెప్పులు కూడదు, ఉత్తకాళ్ళు కూడదు. మధులత తెల్ల మేజోళ్ళు కొని తెచ్చింది. వాటి మీద గజ్జెలు కట్టుకొని నిలబడితే పిల్లగాళ్ళు పగలబడి నవ్వారు. "ఏంది గురువా, కలెక్టరు మాదిరి ఉండావు!" అన్నాడొకడు. పుల్లయ్య చెక్కలు పైకెత్తాడు. మొదటి అడుగు నేల మీద నీళ్ళు పోసినంత మెల్లగా వేశాడు. రెండోది కొంచెం గట్టిగా. మూడో దెబ్బకు కుడికాలు తిరిగింది. తర్వాత నవ్వినవాళ్ళు లేరు. ఇరవై జతల చెక్కలు ఆయన వెంట మోగాయి. మా ఆవిడ నా భుజం పట్టుకొని నిలబడింది, నలుగురిలో అట్ల పట్టుకున్నది ఎప్పుడూ లేదు. నాలుగు అడుగుల వరస కాగానే మధులత చేయి ఊపింది. ఆయన బుద్ధిగా పక్కకు వచ్చి కూర్చున్నాడు. మేజోళ్ళు విప్పి కూతురు వేలు చూసింది. ఏమీ కాలేదు.

ఆ సాయంత్రం అరుగు మీద చెప్పాడు. "ఎల్లుండి ఊరికి పోతా బావా. కూలోళ్ళతో ఏయించిన చెనిక్కాయ చేను గడ్డి పట్టింటాది."

మధులత మొహంలో వెలుగు తగ్గింది. ఆమె ఏం తలుచుకుంటోందో నాకు తెలుసు. అక్కడ పొయ్యి ముట్టించే చేయి లేదు. వేంపల్లెలో హోటళ్ళకు తక్కువ లేదు. ఇన్ని నెలల కష్టం ఆ హోటలు మెట్ల మీద కారిపోతుంది.

పుల్లయ్య కూతురి వైపు చూడలేదు. నా వైపు తిరిగాడు.

"రేపు పొద్దున నువ్వు పొయ్యి కాడికి రావొద్దు" అన్నాడు.

మర్నాడు అలవాటు కొద్దీ ముందుగానే లేచాను. మొహం కడుక్కుంటుంటే వంటింట్లో నుంచి వినిపించింది. టప టప టప్ప. టప టప టప్ప. మూడో దెబ్బ ఎనకబడలేదు. తాళం నా కంటే నూరు పాళ్ళు మేలు. గడప మీద ఉరుకుందమ్మ, మధులత ఒకరి మీద ఒకరు పడి తొంగి చూస్తున్నారు. లోపల పుల్లయ్య చొక్కా విప్పి, నెత్తి దాకా పిండితో, పీట మీదికి వంగి ఉన్నాడు.

నేను నా కంచం కడుక్కొని వచ్చి కూర్చున్నాను.

రొట్టె తెచ్చి వేశాడు. తుంగభద్ర గట్టు తెగినట్టు అంచులన్నీ తెగి ఉంది. ఒక పక్క మందం, ఒక పక్క నల్లగా మాడు. రెండోది కూడా దాని తమ్ముడే. పప్పు వేశాడు. ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"ఎట్లుండాది?"

నేను తిన్నాను. రెండూ తిన్నాను. తర్వాత కంచం ముందుకు జరిపాను.

"రెండే బావా" అన్నాడు పుల్లయ్య. "లెక్క రెండే."

"నాకు లేదు షుగరు" అన్నాను.